మగ్గం గుంత ఆరేదాకా

పడుగుల వీధి, పెద్దనపాడు,
కడప జిల్లా
7 మార్చి 2025, శుక్రవారం

శివకుమారా,

దీవెనలు చివర్లో రాస్తాను, అప్పటికి మిగిలితే. ముందు ఇది చదువు.

ఫోన్ చేస్తే "సైట్లో ఉండా అక్కా, మళ్లా చేస్తా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు, అందుకే రాస్తున్నాను. ఈ పొద్దు శుక్రవారం. గడప కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, చెంబు లోపల పెట్టి వచ్చేసరికి నీ మనుషులిద్దరు ఎర్ర రంగు డబ్బాతో నా వాకిట్లో కూర్చుని ఉన్నారు. గడప రాయి మీద జానెడు ఎర్ర గీత, దాని పక్కన ఒక నంబరు! "ఏందప్పా ఇది, శుక్రవారం పూట?" అంటే "శివకుమార్ సారు గుర్తు పెట్టమన్నాడమ్మా" అన్నారు. సారంట! ముక్కు తుడుచుకోవడం నేను నేర్పిన సారు.

ఎర్ర గీత అంటే ఏమిటో మా వీధికి బాగా తెలుసు. మంచినీళ్ల పైపు వేసేటప్పుడూ ఇట్లాగే గీతలు పెట్టారు. తర్వాత వీధిని ఆ కొస నుంచి ఈ కొస దాకా చీల్చి, వానలొచ్చినా పూడ్చకుండా పోయారు. వీధి అంటే మీకు బండ్లు పోయే దారి. మాకు అది పనిచేసే చోటు. పొద్దున్నే పడుగు నూలును వీధి పొడుగునా కర్రల మీద పరిచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడితేనే అది మగ్గం ఎక్కుతుంది. వీధి లేకపోతే పడుగు లేదు, పడుగు లేకపోతే చీర లేదు. ఆ ఏడాది ఓబుళేశు మగ్గం విప్పి కట్టెల కింద అమ్ముకుని ప్రొద్దుటూరుకు వాచ్‌మన్ పనికి పోయాడు. చిన్న ఈరన్న ఇంటి గోడ నిలువునా పగిలింది. మట్టితో కట్టిన గోడల పక్కన ఆరడుగులు తవ్వితే నిలుస్తాయా? నేతింట పుట్టినవాడివి, ఇవన్నీ నీకు ఒకరు చెప్పాలా?

మురుగు పైపు పగిలిందని మాకూ తెలుసు. నా మగ్గం గుంతలోకే ఊరుతోంది. కాళ్లు పెట్టి కూర్చుని నేసే గుంతలో వీధి మురుగు! పొద్దున, సాయంత్రం చెంబుతో తోడి పోస్తున్నాం. దాన్ని బాగు చేయమని అడిగితే వీధినే తవ్వుతారా? ఎదురింటి పెద్దక్క నా మొగం మీదే అడిగింది. "మీ తమ్ముడే తవ్విస్తాండాడంట గదా గంగమ్మా?" అని. నేల చూపులు చూసుకుంటూ లోపలికి వచ్చాను.

ఆ గీత నువ్వే వచ్చి తుడువు.

అక్క,
గంగాదేవి

దీవెనలు మిగల్లేదు.

•

కర్నూలు
13 మార్చి 2025

అక్కకు నమస్కారం. బావకు కూడా.

నీ ఉత్తరం ఆఫీసు అడ్రసుకు వచ్చింది. మా మేనేజరు భూపేష్ కవరు అటూ ఇటూ తిప్పి "ఏమప్పా శివా, ఇంగా నీకు ఉత్తరాలు రాసేవాళ్లు ఉండారా?" అని అందరి ముందూ నవ్వాడు. లోపలి తిట్లు కూడా చదివి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

అడగకుండా ఎట్లా తిడతావక్కా? వీధి మొత్తం తవ్వి కొత్త పైపు వేయాలని మీ ఊరి ఇంజనీరు ఎప్పుడో రాసి పెట్టుకున్నాడు. వద్దు సార్, తవ్వకుండా బాగు చేద్దాం అని ఆయన చుట్టూ తిరిగి, మా కంపెనీని ఒప్పించి ఈ పని తెచ్చింది నేను. మా అక్క వీధి అని తెచ్చాను. దానికి నాకు దక్కిన మర్యాద నీ ఉత్తరం.

విను. పైపు లోపలికి కెమెరా పంపి చూశాం. పాత మట్టి పైపు చాలా చోట్ల చీలింది. అతుకుల్లో నుంచి వేపచెట్టు వేర్లు దూరి జడల్లా వేలాడుతున్నాయి. ఆ వేర్లు కోసేసి, గట్టిగా నీళ్లు కొట్టి కడిగి, వీధి కొసనున్న మ్యాన్‌హోల్‌లో నుంచి జిగురులో నానిన పొడుగాటి గుడ్డ గొట్టాన్ని లోపలికి పంపుతాం. గాలి కొట్టి ఉబ్బిస్తే అది పాత పైపు గోడలకు అతుక్కుంటుంది. మిగతా పని మా మిషన్లు చేస్తాయి. పాత పైపు లోపలే అతుకు లేని కొత్త పైపు తయారవుతుంది. అతుకు లేదు కాబట్టి వేరు దూరదు, మురుగు ఊరదు. మీ ఇంటి పైపు వచ్చి కలిసేచోట మాత్రం లోపలి నుంచే రంధ్రం కోయాలి. ఆ ఎర్ర గీత దానికి గుర్తు. వీధిలో గడ్డపార పడదు. ఒక్క రోజు పని. మరుసటి పొద్దున మీ పడుగు మీరు పరుచుకోవచ్చు.

గడప మీద పెట్టడం తప్పే. శుక్రవారమని వాళ్లకు తోచలేదు. దానికి నన్ను ముక్కు తుడిచే రోజుల దాకా లాక్కుపోవాలా?

నీ తమ్ముడు (సారు కాదు),
శివకుమార్

•

పెద్దనపాడు
22 మార్చి 2025

శివకుమారా,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. అంతా విని "గుడ్డా?" అన్నాడు. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ "గుడ్డా?" అన్నాడు.

నేసేవాళ్లకు కోతిపిల్ల తగులుకున్నట్టు మాకు నువ్వు తగులుకున్నావు. గుడ్డ సంగతి మాకు చెప్తావా? గుడ్డ బిగువుగా నిలవాలంటే గంజి పెట్టాలి. నీళ్లు తగిలితే ఆ గంజి దిగిపోతుంది. పడుగుకు గంజి పట్టించడంలో ఈ వీధిలో మీ బావను మించిన చెయ్యి లేదు, ఆయన చెప్పిన మాట ఇది. ఇరవై నాలుగు గంటలూ మురుగు పారే చోట గుడ్డ ఎన్నాళ్లుంటుంది? ఆ ఇంజనీరు దగ్గర ఇదే మాట చెప్పావా? ఆయన నవ్వలేదా? వీధిలో వాళ్లు నవ్వుతున్నారు. "గంగమ్మ తమ్ముడు పైపుకు చొక్కా కుట్టిస్తాడంట" అని చిన్న ఈరన్న అన్నాడు. చేతిలో ఉన్న నీళ్లు వాడి మీద పోశాను.

గుంత ఇంకా ఊరుతూనే ఉంది. వాసనకు ఇంట్లో అన్నం సహించడం లేదు. నాగలక్ష్మమ్మ కూతురి పెండ్లి చీర మగ్గం మీదుంది, ఆపడానికి లేదు. మీ బావ కాలు సంగతి రాద్దామనుకున్నాను. నీకెందుకులే, నువ్వు పైపుల వాడివి.

నీ గుడ్డో, నీ మిషనో, నాకు అనవసరం. ఒక్క మాట గుర్తు పెట్టుకో. నా మగ్గం గుంత ఆరేదాకా నా గడప తొక్కొద్దు. చౌడమ్మ తోడు.

గంగాదేవి

•

కర్నూలు
12 ఏప్రిల్ 2025

అక్కా,

కాలు అని సగం రాసి ఆపావు. నన్ను దెప్పడానికే అని తెలుసు. దెప్పుకో.

ఈ నెల ఇరవైమూడు, బుధవారం పని పెట్టుకున్నాం. ఆ ఒక్క రోజు వీధిలో ఎవరూ పడుగు పరచొద్దు. ఇళ్లలో నీళ్లు కాలువలోకి వదలొద్దు. గుడ్డ ఉన్న బండి మీ ఇంటి ముందు ఆగుతుంది. గుడ్డ తడిగా ఉంటుంది, చుట్టూ ఐసు ఉంటుంది. దానితో మీకు పని లేదు. ఎందుకు, ఏమిటి అని వివరంగా రాద్దునుగానీ రాస్తే మళ్లీ కోతిపిల్ల అంటావు. అందుకే రాయడం లేదు.

నీ గడప తొక్కనులే. నా పని వీధిలోనే.

శివకుమార్

•

కర్నూలు
24 ఏప్రిల్ 2025

గంగాదేవికి,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న నేను, నా మనుషులు ఆ కొస మ్యాన్‌హోల్ దగ్గర పైపు కడుగుతున్నాం. బండి మీ ఇంటి ముందు నీడలో ఉంది. డ్రైవరు ఏసన్న ఉగ్గాని తిందామని అటు పోయాడు. వచ్చి చూస్తే బండి ఖాళీ! ఐసంతా నేల మీద. గొట్టం వీధి పొడుగునా, మీ పడుగు కర్రల మీద, నడి ఎండలో! నేను పరిగెత్తుకుని వచ్చి చెయ్యి పెట్టేసరికి అది రాయి అయిపోయి ఉంది. వేడి తగిలితే ఆ జిగురు గట్టిపడుతుంది. పైపు లోపలికి పోయాక వేడినీళ్లు తిప్పి గట్టిపరచాల్సిన దాన్ని మీరు వీధిలో గట్టిపరిచారు. అంత దూరం నుంచి ఐసు మధ్యలో కాపాడుకుంటూ తెచ్చింది ఇందుకా?

"కాశన్ననే ముందుండి దింపిచ్చినాడు సార్" అని ఏసన్న చెప్పాడు. మా బావ! పదిమందిని పిలిచి మరీ దింపించాడంట. నీ వాకిట్లో నిలబడి "ఎందుకు చేసినారు?" అని అరిచాను. నువ్వు నా మొగం చూసి తలుపేసుకున్నావు.

ఎందుకు చేశారో నాకు అర్థమైంది. తవ్వితే గోడలకు నష్టపరిహారం వస్తుందని ఎవరో ఆశ పెట్టి ఉంటారు. భూపేష్ అందరి ముందూ "చుట్టాల వీధికని పని తెస్తివి, చుట్టాలతోనే చెడగొట్టిస్తివి గదప్పా" అన్నాడు. ఇంకో గొట్టం ఇవ్వనన్నాడు. మీ ఇంజనీరు నా ముందే జేసీబీకి ఫోన్ చేశాడు. తవ్వుకోనీ. ఇక మీ వీధి ముఖం చూడను.

శివకుమార్

•

పెద్దనపాడు
28 ఏప్రిల్ 2025

ఓరి శివకుమారా,

నష్టపరిహారమా? నీ నోట్లో మన్ను పొయ్య! ఆ మాట రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చిందిరా?

జరిగింది చెప్తాను, నోరు మూసుకుని చదువు. మీ బావ అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. నీ బండిలో నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. లేచి తొంగి చూశాడు. "అయ్యో, మన శివ గుడ్డ తడిసిపోతాండాది. ఐసు కరిగి నీళ్లన్నీ దాంట్లేకే పోతాండాయి. జిగురు పెట్టిన గుడ్డను మడతేసి ఉంచితే పొరలు అతుక్కుని పాడైపోతాది. పాపం, పిల్లోనికి తెలీదు. బిరబిరా పరచండప్పా!" అన్నాడు. నిన్ను ఎగతాళి చేసిన చిన్న ఈరన్నే ముందు పరిగెత్తాడు. నువ్వు చెప్పావని ఆ పొద్దు ఎవరూ పడుగు పరచలేదు, కర్రలన్నీ ఖాళీగానే ఉన్నాయి. పరచొద్దన్నది మా పడుగును, నీ గుడ్డను పరచొద్దని రాశావా? లోపల అతుక్కోకుండా రెండు కొసల్లో వెదురు బద్దల చుట్టలు దూర్చాడు మీ బావ. పడుగును దువ్వినట్టు కుంచెతో దువ్వాడు కూడా. మా మామ వాడిన కుంచె అది. ఇప్పుడు నీ గొట్టానికి అతుక్కుని దానితోపాటే రాయి అయిపోయింది. మా చేతుల జిగురు ఈ రోజుకీ పోలేదు.

మేలు చేస్తున్నామనుకున్నారు, తెలిసిందా? నువ్వు అట్లా అరుస్తుంటే ఒక్కొక్కరే ఇళ్లలోకి పోయారు. వేడి తగలకూడదని ఒక్క మాట, ఒకే ఒక్క మాట రాసి ఉంటే? కోతిపిల్ల అంటానని రాయలేదంట! అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

తలుపు ఎందుకేసుకున్నానో కూడా విను. నీ గుడ్డ కోసం పరుగులు పెట్టి మీ బావ కాలి కట్టంతా రక్తమైంది. తలుపేసి కట్టు మార్చాను. మురుగు గుంతలో కాళ్లు పెట్టి నేసి నేసి పాదానికి పుండు పడింది. ఒంట్లో షుగరు ఉంది. ఇంకోసారి ఆ తడి తగిలితే పాదం తీసేయాల్సి వస్తుందని కడపలో డాక్టరు మొగం మీదే చెప్పాడు. అయినా చీర ఆగకూడదని నేను వంటింట్లోకి పోగానే గుంతలోకి దిగుతాడు. గుంత ఆరకపోతే ఆయన కాలు ఉండదు. కాలు లేకపోతే ఆయన మనిషే కాదు. ఇప్పుడు అర్థమైందా నాకు ఎందుకింత మంటో?

నీ గొట్టం గోడవారన పడి ఉంది. కొసలు గుండ్రంగా, నడుమ చాప మాదిరి. నిన్న శెనక్కాయల ట్రాక్టరు ఆ చాప మీద నుంచే పోయింది, చీలిక కూడా రాలేదు. మీ బావ దాని పక్కనే కూర్చుని వేలితో కొట్టి కొట్టి చూస్తున్నాడు. "గుడ్డేనే ఇది, గంగా. గుడ్డేనే" అంటున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు.

జేసీబీ రానీ. నేనేం చేస్తానో నువ్వే చూస్తావు.

గంగాదేవి

•

కర్నూలు
4 మే 2025

అక్కా,

కాలు సంగతి ఒక్క వాక్యం రాసి ఉండొచ్చు గదా! నేను వేడి సంగతి రాయలేదని తిట్టావు. నువ్వు రాశావా? ఇద్దరమూ ఒక తల్లి బిడ్డలమే, మొండితనానికి.

బావను గుంతలోకి దిగనీయొద్దు. ఆ చీర నా తలకాయ మీద నేయించుకోమని నాగలక్ష్మమ్మకు చెప్పు.

జేసీబీ పన్నెండో తేదీ వస్తుంది. భూపేష్ నా మొగం చూడడం లేదు, అయినా రోజూ పోయి ఆయన గదిలో నిలబడుతున్నాను. ఆ గొట్టాన్ని పారేయొద్దు, కోయొద్దు, ఎవరూ ముట్టుకోవద్దు. ఎందుకో ఈసారి రాస్తున్నాను, తిట్టకుండా చదువు. గుడ్డ అనేసరికి మీ ఇంజనీరుకు మొదటి నుంచీ నమ్మకం లేదు. పైపు లోపలికి పోయాక అది ఎట్లా ఉంటుందో బయట ఎవరికీ కనబడదు. మీ వీధిలో కనబడుతోంది.

శివకుమార్

•

పెద్దనపాడు
19 మే 2025

శివకుమారా,

నీకు తెలిసిందే రాస్తున్నాను, ఎందుకంటే నాకు కడుపు మండుతోంది.

పన్నెండో తేదీ తెల్లవారుతుండగానే వీధిలో ఉన్న పడుగులన్నీ బయటికి తెచ్చాం. ఒకదాని కొసన ఒకటి, గుడి దగ్గరి నుంచి మ్యాన్‌హోల్ దాకా పరిచాం. పరిచిన పడుగును తెంపినవాడి ఇంట దీపం నిలవదని మా వీధి మాట. పెండ్లి ఊరేగింపైనా, శవమైనా పక్క వీధి నుంచి పోవాల్సిందే. జేసీబీ వాడు వచ్చి బకెట్ ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. "దారాలు తీయండమ్మా" అన్నాడు. "నువ్వే తెంపుకుని రాప్పా" అన్నాను. వాడు ఇంజను ఆపి కిందికి దిగాడు. ఇంజనీరు మాత్రం ఎగిరెగిరి పడ్డాడు. పోలీసులను పిలుస్తానన్నాడు. పెద్దక్క "పిలువు సామీ, వాళ్ల పెండ్లాలు కట్టేదీ మా చీరలే" అంది.

అప్పుడు వచ్చావు నువ్వు, నీ మేనేజరును వెంటేసుకుని. నా వైపు చూడలేదు. నేరుగా గోడవారనున్న గొట్టం దగ్గరికి పోయి "సార్, ముందు దీన్ని పగలగొట్టించండి. పగిలితే వీధి తవ్వుకోండి" అన్నావు. జేసీబీ వాడే నాపరాళ్లు కొట్టే సమ్మెట తెచ్చి గుండ్రంగా ఉన్న కొస మీద కొట్టాడు. సమ్మెట ఎగిరి వచ్చింది. మళ్లీ కొట్టాడు. గొట్టానికి గాటు కూడా పడలేదు. ఇంజనీరు వంగి, అతుక్కుపోయిన కుంచెను తడిమి చూసి "ఇది నిజంగా గుడ్డేనా?" అన్నాడు. అరుగు మీద నుంచి మీ బావ "గుడ్డే సార్. పాడు చేసింది నేనే" అన్నాడు. ఆ ఇంజనీరు మొగం చూడాలి! పక్క వీధికి కూడా ఇదే చేస్తారా అని నీ మేనేజరునే అడిగాడు. పక్క వీధి అనగానే ఇంకో గొట్టం ఇవ్వనన్న మీ భూపేష్ నోట "సరే సార్" తప్ప వేరే మాట రాలేదు.

శుక్రవారం రెండో గొట్టం వచ్చింది. ఈసారి వీధి వీధంతా తడి గోనెపట్టాలు పట్టుకుని నీ బండికి నీడ పట్టాం. సోడా షాపులో ఉన్న ఐసంతా చిన్న ఈరన్న మోసుకొచ్చాడు. మీ బావ కుర్చీలో కూర్చుని "ఎండ తగలనీయొద్దప్పా! ముట్టుకోవద్దప్పా!" అని అందరి మీదా అరిచాడు. సాయంత్రానికి అయిపోయింది. గడ్డపార పడలేదు, గోడ కదల్లేదు. శనివారం పొద్దున పెద్దక్క ఎప్పటి మాదిరే పడుగు పరిచింది. ఇవన్నీ నిజమే. నువ్వు చెప్పినట్టే జరిగింది. ఒప్పుకుంటున్నాను.

అయితే ఏంది? రోజంతా నా వాకిట్లో పనిచేసి నా ఇంట్లోకి రాలేదు! నీకని పూర్ణం రుబ్బి ఓళిగలు చేశాను. సంగటి కెలికి, బుడ్డల చట్ని నూరి, తలుపు బార్లా తీసి పెట్టాను. నువ్వు చిన్న ఈరన్న ఇంట్లో నీళ్లడిగి తాగావు. వీధిలో నిలబడి హోటల్ పొట్లం విప్పుకుని తిన్నావు. వీధంతా చూసింది. బావ కాలెట్లా ఉందని ఏసన్నతో అడిగించావంట. వచ్చి చూస్తే నీ సొమ్మేం పోయేది? మా వీధి ముఖం చూడనన్నావు, సరే, వీధికి వచ్చావు. మా ముఖాలు మాత్రం చూడవా? అంత కసి పెట్టుకున్నవాడివి మాకు పైపు ఎందుకు వేశావు? తవ్వేసి పోనిచ్చి ఉండాల్సింది.

ఓళిగలు ఎనుముకు పెట్టాను.

గంగాదేవి

•

కర్నూలు
25 మే 2025

అక్కా,

నాకు కసి లేదు. ఆ రోజు ఓళిగల వాసన వీధి దాకా వచ్చింది. పైపు లోపలికి వేడినీళ్లు తిప్పుతున్నంతసేపూ నీ గడపనే చూస్తూ కూర్చున్నాను. నువ్వు ఒక్కసారి బయటికి వచ్చి "రారా" అంటావేమో అని చూశాను. నువ్వు తలుపు తీసిపెట్టి లోపల కూర్చున్నావు. నేనేం అనుకోవాలి?

నీ మార్చి ఉత్తరం నా ముందే ఉంది. మగ్గం గుంత ఆరేదాకా నా గడప తొక్కొద్దు, చౌడమ్మ తోడు అని రాశావు. పైపు ఆ పొద్దే బాగైంది, గుంత ఆ పొద్దే ఆరదు. మట్టిలో ఊరిన తడి పోవడానికి టైం పడుతుంది. ఒట్టు పెట్టింది నువ్వు. నేను తొక్కితే ఒట్టు ఎవరికి తగులుతుంది? ఇంట్లో బావ కాలు అట్లా ఉంటే నేను ఆ గడప ఎట్లా దాటను?

కోపం నీ ఒక్కదానికే ఉందనుకోవద్దు. ఇంత పెద్ద ఉత్తరం రాశావు, నీ గుంత ఆరిందా లేదా అని మాత్రం రాయలేదు.

శివకుమార్

•

పెద్దనపాడు
29 మే 2025

ఒరేయ్ తిక్కోడా,

ఆరింది. పుండు మానిందని ఈ పొద్దు మీ బావ కట్టు విప్పి, పొడి కాలితో గుంతలోకి దిగి, మట్టిని వేళ్లతో నలిపి చూసి, తొక్కుడు కర్ర మీద పాదం పెట్టాడు. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇంత కోపంలో కూడా.

గడప మీద ఎర్ర గీత ఇంకా అట్లాగే ఉంది. శుక్రవారం శుక్రవారం దాని చుట్టూ పసుపు పూస్తున్నాను. నువ్వే వచ్చి తుడవాలని ఉంచాను.

రా. ఓళిగలు మళ్లీ చేస్తాను. ఈసారి ఎనుముకు పెట్టను.

మిగిలిపోయిన దీవెనలన్నీ నీకే,
అక్క